ప్రభువుల సభలో బైరన్ ప్రసంగాలు

ఆంగ్ల కవి జార్జ్ గోర్డన్ బైరన్ (1788–1824) బ్రిటిష్ పార్లమెంటు ఎగువ సభలో వంశపారంపర్య సభ్యుడు. ఆరవ బైరన్ ప్రభువుగా 1809 మార్చిలో సభలో అడుగుపెట్టిన నాటి నుంచి చనిపోయేదాకా అక్కడ కూర్చునే హక్కు ఆయనకు ఉండేది. దాన్ని వాడుకున్నది మాత్రం చాలా తక్కువ. సభలో చేసినవి మూడే ప్రసంగాలు. 1812 ఫిబ్రవరి 27న, అల్లిక యంత్రాలు పగలగొట్టేవారికి ఉరిశిక్ష వేసే బిల్లు మీద మాట్లాడాడు. అదే ఏడాది ఏప్రిల్ 21న కాథలిక్కుల హక్కుల మీద, 1813 జూన్ 1న మేజర్ జాన్ కార్ట్‌రైట్ అర్జీ మీద మాట్లాడాడు. మూడుసార్లూ ఆయన వాదించిన పక్షమే ఓడింది.

మొదటి మాటకూ చివరి మాటకూ మధ్య పదిహేను నెలలే. అందుకే జీవితచరిత్రకారులు ఈ ఘట్టాన్ని కవిగా ఆయనకు పేరు రాకముందు జరిగిన చిన్న ముచ్చటగా చెప్పి ముందుకు వెళ్లిపోతారు. నిజానికి ఆ మూడింటి విలువ ఒకటి కాదు. మొదటిది ఆ కాలపు కార్మికుల దుస్థితికి ఒక భూస్వామి నోట వెలువడిన సాక్ష్యం. రెండోదాంట్లో చమత్కారం పాలు ఎక్కువ. మూడోది ప్రసంగంగా పేలవమే అయినా, అది నిలబెట్టబోయిన సూత్రం మూడింటిలోనూ గట్టిది.

వారసత్వం

బైరన్ వంశానికి ప్రభుపదవి 1643లో వచ్చింది. అంతర్యుద్ధంలో మొదటి చార్లెస్ రాజు పక్షాన పోరాడిన సర్ జాన్ బైరన్‌కు రాజు ఇచ్చిన బిరుదు అది. నాటింగ్‌హామ్‌షైర్‌లోని న్యూస్టెడ్ ఆబీ ఆ వంశపు నివాసం. కవికి ముందు బిరుదు అనుభవించిన అయిదవ ప్రభువు విలియం, ఆయన తాతకు అన్న. ప్రభువుల సభకు బైరన్ అన్న పేరు బాగా తెలిసింది ఆయన వల్లే, అదీ ముద్దాయిగా. 1765 జనవరిలో ఆయన తన బంధువూ పొరుగు భూస్వామీ అయిన విలియం చావర్త్‌ను కత్తియుద్ధంలో చంపాడు. ప్రభువును విచారించే అధికారం సాటి ప్రభువులదే కాబట్టి ఏప్రిల్‌లో వెస్ట్‌మినిస్టర్ హాల్‌లో సభ యావత్తూ కొలువుదీరి విచారించింది. నరహత్య నేరం రుజువైనా, బిరుదుతోపాటు వచ్చే ప్రత్యేక హక్కు చెప్పుకుని ఆయన రుసుము కట్టి ఇంటికి వెళ్లిపోయాడు. 1812లో, పూట తిండి కోసం యంత్రం పగలగొట్టినవాణ్ణి ఉరి తీయాలా వద్దా అని అదే సభ చర్చించినప్పుడు ఈ పాత కేసును ఎవరూ ఎత్తలేదు. ఎత్తి ఉంటే బైరన్‌కే ఇబ్బందిగా ఉండేది.

అయిదవ ప్రభువు 1798 మేలో చనిపోయాడు. ఆయన కొడుకూ మనవడూ అప్పటికే పోయారు. అలా పదేళ్ల పిల్లవాడికి బిరుదు దక్కింది. స్కాట్లండ్‌లోని ఆబర్డీన్‌లో తల్లితో ఇరుకుగా బతుకుతున్న కుర్రవాడు ఒక్కరోజులో ప్రభువయ్యాడు. హారో బడిలో చదివేటప్పుడు నాటకాల్లోని సంభాషణలు పలికే ప్రదర్శనల్లో రాణించాడు. అక్కడి ప్రధానోపాధ్యాయుడు డాక్టర్ డ్రూరీకి ఈ పిల్లవాడు కవి కాగలడన్న ఊహే లేదు, గొప్ప వక్త అవుతాడనే నమ్మకం ఉండేది. కేంబ్రిడ్జ్‌లో ఉండగా బైరన్ విగ్ విద్యార్థుల సంఘంలో చేరాడు. ఇరవై ఒకటి నిండితే సభలో కూర్చోవచ్చు. ఎన్నిక లేదు, నియోజకవర్గం లేదు, ఓటరు గడప తొక్కాల్సిన పని లేదు.

సభాప్రవేశం

పని లేదంటే పూర్తిగా లేదని కాదు. తాను చట్టబద్ధమైన వారసుణ్ణని కాగితాలతో రుజువు చేయాలి. తాత అడ్మిరల్ జాన్ బైరన్, సోఫియా ట్రెవానియన్‌ల పెళ్లి కార్న్‌వాల్‌లో ఒక సొంత ప్రార్థనామందిరంలో జరిగింది. దానికి సాక్ష్యం సంపాదించడానికి నెలలు పట్టింది, డబ్బూ ఖర్చయింది. సంరక్షకుడైన కార్లైల్ ప్రభువు తనను వెంటబెట్టుకుని సభకు పరిచయం చేస్తాడని బైరన్ ఆశించాడు. ఆయన చేయలేదు. కోపం వచ్చిన కుర్రవాడు అచ్చుకు సిద్ధమవుతున్న తన వ్యంగ్యకావ్యంలో కార్లైల్‌ను పొగిడిన చోట తిట్టు పెట్టాడు.

1809 మార్చి 13న సభకు వెళ్లినప్పుడు వెంట ఉన్నది దూరపు చుట్టమైన రాబర్ట్ చార్లెస్ డల్లస్ ఒక్కడే. సభాధ్యక్షుడు లార్డ్ ఛాన్సలర్ ఎల్డన్ తన ఉన్నిమూట ఆసనం మీది నుంచి లేచి వచ్చి, నవ్వుతూ చెయ్యి చాపాడు. బైరన్ ముభావంగా వేళ్ల కొసలు మాత్రం తాకించాడు. గట్టిగా చెయ్యి కలిపితే తనను ప్రభుత్వ పక్షం వాడనుకుంటారేమోనని ఆ తరవాత డల్లస్‌తో అన్నాడట. ప్రతిపక్షం వైపు బల్ల మీద కొద్ది నిమిషాలు కూర్చుని వచ్చేశాడు. జులైలో ఫాల్మత్ రేవు నుంచి ఓడెక్కి పోర్చుగల్, స్పెయిన్, ఆల్బేనియా, గ్రీస్, టర్కీ తిరిగి రెండేళ్లకు గానీ ఇంగ్లండ్ చేరలేదు. ఆ ప్రయాణం ఆయన ఛైల్డ్ హెరాల్డ్ కావ్యానికి ఎంత ఉపయోగపడిందో మొదటి ప్రసంగానికీ అంతే ఉపయోగపడింది.

ఆనాటి సభ సంగతి కొంత చెప్పాలి. 1801లో ఐర్లండ్ బ్రిటన్‌తో కలిశాక, అక్కడి ప్రభువుల ప్రతినిధులు 28 మంది చేరడంతో పాత గది చాలలేదు. సభ వెస్ట్‌మినిస్టర్ ప్రాసాదంలోనే మరో పెద్ద గదికి మారింది. గోడలకు స్పెయిన్ నౌకాదళం ఓటమిని చూపే పాత తెరలు వేలాడేవి. 1834 అగ్నిప్రమాదంలో అవీ పోయాయి. రాని సభ్యుడు తన ఓటును వచ్చినవాడికి అప్పగించే పద్ధతి ఉండేది. కాబట్టి ఎంత బాగా మాట్లాడినా, ఆ మాట వినని మనుషుల ఓట్లు లెక్కలో పడేవి. సభలో మాట్లాడేవారు ఎప్పుడూ కొద్దిమందే. మంత్రుల వైపు లివర్‌పూల్, ఎల్డన్, హారోబీ, ప్రతిపక్షమైన విగ్గుల వైపు గ్రే, గ్రెన్విల్, హాలండ్ ఆనాటి ప్రధాన వక్తలు.

నాటింగ్‌హామ్ అల్లికవారు

నాటింగ్‌హామ్ చుట్టుపక్కల ఊళ్లకు మేజోళ్ల అల్లికే జీవనాధారం. అల్లిక యంత్రాన్ని 1589లో కనిపెట్టిన విలియం లీ ఆ జిల్లావాడేనని చెబుతారు. అంటే బైరన్ నాటికి ఆ యంత్రం వయసు రెండు వందల ఏళ్లు దాటింది. గొడవ యంత్రం ఉన్నందుకు కాదు. యంత్రం సాధారణంగా వ్యాపారిది, అల్లేవాడిది కాదు. పని ఉన్నా లేకున్నా వాడు వారం వారం దానికి అద్దె కట్టాలి. కొందరు వ్యాపారులు వెడల్పాటి యంత్రాల మీద గుడ్డను ఒకే ముక్కగా అల్లించి, దాన్ని మేజోడు ఆకారంలో కత్తిరించి కుట్టించడం మొదలుపెట్టారు. ఆ సరుకు చవక, నాసి. కుట్టు విడితే మేజోడు మొత్తం విచ్చిపోయేది. దాంతో సరుకుకు చెడ్డపేరు వచ్చింది, కూలీ రేటు పడింది, పని నేర్చుకోనివాళ్లను తక్కువ కూలికి పెట్టుకోవడం పెరిగింది. పైన నెపోలియన్‌తో యుద్ధం, మూతబడిన ఐరోపా రేవులు, అమెరికాతో దెబ్బతిన్న వ్యాపారం, పంట పోయి పెరిగిన రొట్టె ధర.

1811 మార్చిలో ఆర్నాల్డ్ అనే ఊళ్లో యంత్రాలు పగలడం మొదలైంది, నవంబరు నుంచి ఉద్ధృతమైంది. నెడ్ లడ్ అనే కల్పిత నాయకుడి పేరుతో బెదిరింపు ఉత్తరాలు వెళ్లేవి, ఆ పేరు మీదే వీరిని లడ్డైట్లు అన్నారు. పగలగొట్టినవారు కనపడిన యంత్రాన్నల్లా పగలగొట్టలేదు, కూలీ తగ్గించినవాడి యంత్రాన్ని ఎంచుకుని పగలగొట్టారు. ప్రభుత్వం సైన్యాన్ని పంపింది. అప్పటికే 1788 నాటి చట్టం ఒకటి యంత్రాలు పగలగొట్టినవారికి ఏడు నుంచి పధ్నాలుగేళ్ల ద్వీపాంతరవాసం వేసేది. అది చాలదని, ఉరిశిక్ష పెట్టే బిల్లును 1812 ఫిబ్రవరి 14న హోం మంత్రి రిచర్డ్ రైడర్ కామన్స్ సభలో ప్రవేశపెట్టాడు. సర్ శామ్యూల్ రోమిలీ వంటివారు అడ్డుచెప్పినా, విచారణ సంఘమైనా వేయకుండా రెండు వారాలు తిరక్కుండానే బిల్లు ఎగువ సభకు చేరింది.

బైరన్ 1811–12 చలికాలంలో కొన్ని వారాలు న్యూస్టెడ్‌లో ఉన్నాడు. విధ్వంసం జరుగుతున్నది ఆ పక్కనే. ఆయనకు మొదట కాథలిక్కుల సమస్య మీద మాట్లాడాలని ఉండేది. తెలిసిన విషయంతో మొదలుపెట్టడం మేలని నాటింగ్‌హామ్ బిల్లును ఎంచుకున్నాడు. దారి చూపినవాడు హాలండ్ ప్రభువు. మూడేళ్ల కిందటి వ్యంగ్యకావ్యంలో బైరన్ ఆయన్నూ ఆయన భార్యనూ కూడా వదల్లేదు. అయినా కవి శామ్యూల్ రోజర్స్ పరిచయం చేయగానే హాలండ్ అదంతా పక్కనబెట్టాడు. కృతజ్ఞతగా బైరన్ ఆ కావ్యం అయిదో కూర్పును ఆపించేశాడు. హాలండ్ నాటింగ్‌హామ్ పట్టణానికి రికార్డర్ అనే న్యాయపదవిలో ఉన్నాడు. అక్కడి పట్టణ గుమాస్తా పంపిన సమాచారాన్ని బైరన్‌కు అందించాడు. ఫిబ్రవరి 25న బైరన్ దాన్ని తిప్పి పంపుతూ, బిల్లు అన్యాయమైనది, పైగా పనికిరానిది, అందుకే వ్యతిరేకిస్తున్నానని రాశాడు. ఈ మనుషుల మీద తనకున్న జాలి చూసి, తాను కూడా సగం యంత్రాలు పగలగొట్టేవాణ్ణేనని అనుకుంటారేమోనని చివర్లో ఓ మాట చేర్చాడు.

మొదటి ప్రసంగం

రెండు రోజుల తరవాత, బిల్లు రెండో పఠనంలో ఇరవై నాలుగేళ్ల బైరన్ లేచాడు. ప్రసంగాన్ని ముందే రాసి కంఠస్థం చేసుకున్నాడు. తాను జిల్లా విడిచిన నాటి ముందు రాత్రే నలభై యంత్రాలు పగిలాయని, ఎవరూ అడ్డుకోలేదని, ఎవరూ దొరకలేదని ఒప్పుకుంటూ మొదలుపెట్టాడు. విధ్వంసాన్ని సమర్థించలేదు. బతికే దారి ఉన్నన్నాళ్లూ కష్టపడి బతికిన మనుషులు ఇంతకు తెగించారంటే, వాళ్ల లేమి ఎంత ఉండాలో ఆలోచించమన్నాడు.

వెక్కిరింత మొదటి దెబ్బ సైన్యానికి తగిలింది. దండు అటూ ఇటూ కవాతు చేసి, పని ముగిసి మనుషులు పారిపోయాక సరిగ్గా సమయానికి చేరుకుంటుందని, ముసలమ్మలూ పిల్లలూ నవ్వుతుండగా గుడారాలకు తిరిగి వస్తుందని చెప్పాడు. తరవాత అసలు వాదంలోకి దిగాడు. మీరు అల్లరిమూక అంటున్నది ఎవరిని? మీ పొలాలు దున్నేది ఆ మూకే, మీ ఇళ్లల్లో పనిచేసేది ఆ మూకే, మీ నౌకల్లోనూ మీ సైన్యంలోనూ ఉన్నది ఆ మూకేనన్నాడు. ఫ్రెంచివారు వెనుదిరుగుతూ పోర్చుగల్‌ను ధ్వంసం చేస్తే ఇంగ్లండ్‌లో ప్రతి చెయ్యీ సాయానికి చాచుకుందని, సొంత దేశస్థులు ఆకలితో ఉంటే మాత్రం తుపాకీ దిగిందని ఎత్తిచూపాడు. యుద్ధభూములు చూశాను, టర్కీ పాలనలో బాగా అణగారిన రాష్ట్రాలు చూశాను, క్రైస్తవ దేశం నడిబొడ్డున ఇక్కడ చూసినంత దైన్యం అక్కడెక్కడా చూడలేదని అన్నప్పుడు అది అలంకారం కాదు. ఆ దేశాలనూ నాటింగ్‌హామ్‌నూ ఏడాది తేడాలో కళ్లారా చూసినవాడు సభలో మరొకడు ఉండి ఉండడు.

చివరి భాగం చట్టం మీద. ఇంగ్లండ్ శిక్షాస్మృతిలో అప్పటికే ఉరిశిక్ష పడే నేరాలు 200కు పైగా ఉన్నాయి. ఇంకా రక్తం చాలదా అని అడిగాడు. పేదలకు ఊరట కలిగించే బిల్లు వస్తే ఏళ్ల తరబడి తర్జనభర్జన పడే మీరు, చావు బిల్లును మాత్రం నిమిషాల మీద నెగ్గిస్తారని అన్నాడు. ఆకలితో బక్కచిక్కిన ఒక నేతగాణ్ణి బోనులో నిలబెట్టి చూపిస్తూ, వాణ్ణి శిక్షించాలంటే మీకు ఇంకా రెండు కావాలన్నాడు: జూరీలో పన్నెండు మంది కసాయివాళ్లు, న్యాయపీఠం మీద ఒక జెఫ్రీస్. 1685 తిరుగుబాటు తరవాత వందలమందికి మరణశిక్షలు వేసిన న్యాయమూర్తి జెఫ్రీస్ పేరు, ఛాన్సలర్ ఎల్డన్ ఎదురుగా కూర్చుని ఉండగా వినిపించింది.

ఈ ప్రసంగంలో ఒక లోపం ఉంది. కొత్త యంత్రం ఒక్కడి చేత పదిమంది పని చేయించి మిగతావాళ్లను వీధిన పడేసిందని బైరన్ చెప్పాడు. నాటింగ్‌హామ్ అల్లికవారి ప్రధాన ఫిర్యాదు అది కాదు. కూలీ రేటు, అద్దె, నాసి సరుకు వారి ఫిర్యాదు. నాసి సరుకు సంగతి ఆయన ప్రస్తావించాడు, దాన్ని వ్యాపారంలో సాలీడు పని అంటారని కూడా చెప్పాడు. కానీ ఎగుమతి కోసం హడావిడిగా చేసే పనిగా చూశాడు తప్ప, అల్లికవాడి గౌరవానికీ ధరకూ తగిలిన దెబ్బగా చూడలేదు. యంత్రాలకు వ్యతిరేకంగా తిరగబడ్డ అజ్ఞానులన్న అపోహ లడ్డైట్ల చుట్టూ తరవాత గట్టిపడటంలో ఇలాంటి మిత్రుల మాటల వాటా కూడా ఉంది.

స్పందన

ఎల్డన్, హారోబీ జవాబిచ్చారు. హాలండ్, గ్రెన్విల్ తమ ప్రసంగాల్లో మెచ్చుకున్నారు. బైరన్ వాక్యనిర్మాణం ఎడ్మండ్ బర్క్‌ను తలపిస్తోందని గ్రెన్విల్ అన్నాడు. చాలాకాలంగా ఒక ప్రభువు నోట విన్న ప్రసంగాల్లో ఇదే మేలైనదని కామన్స్ సభ్యుడు సర్ ఫ్రాన్సిస్ బర్డెట్ అన్నాడు. బయటికి వచ్చేటప్పటికి బైరన్ ఉద్వేగంతో ఊగిపోతున్నాడు. నడవలో ఎదురైన డల్లస్ కుడిచేతిలో గొడుగు ఉండటంతో తొందరలో ఎడమచెయ్యి చాపాడు. ఇలాంటి వేళ మిత్రుడికి ఎడమచెయ్యి ఇస్తావా అని బైరన్ నిలదీసి, గొడుగు చేతులు మారేదాకా ఆగి కుడిచెయ్యి గట్టిగా నొక్కాడు. వారం తరవాత మిత్రుడు హాడ్జ్‌సన్‌కు రాసిన ఉత్తరంలో, ఒకరకం వినయపు పొగరుతో ఘాటైన మాటలు చాలా అన్నానని, అందరినీ అన్నింటినీ తిట్టానని, ఛాన్సలర్ మొహం మాడిపోయిందని సంబరపడ్డాడు.

అందరూ మెచ్చుకోలేదు. దారి చూపిన హాలండే తన జ్ఞాపకాల్లో, ఊహాశక్తీ చమత్కారమూ దూషణా నిండుగా ఉన్నాయిగానీ కృత్రిమత్వం లేకపోలేదని, తర్కం బలహీనమని, పార్లమెంటులో చెల్లే వక్తృత్వం ఇది కాదని రాశాడు. బైరన్ మిత్రుడూ జీవితచరిత్రకారుడూ అయిన కవి థామస్ మూర్ కూడా బైరన్ ఉచ్చారణలో బడిలో అలవాటైన దీర్ఘం ఉండేదన్నాడు. మాట్లాడుతున్నట్టు కాక పద్యం రాగం తీసినట్టు వినపడేదట. ఈ విమర్శలు సబబే. ఎదుటివాడి వాదాన్ని ఖండించి తన వైపు తిప్పుకోవడం బైరన్ పద్ధతి కాదు. ఎదుటివాణ్ణి సిగ్గుపడేలా చేయడం ఆయన పద్ధతి. ఓటు అడిగేవాడు అలా మాట్లాడడు. ఓటు అక్కర్లేనివాడు మాట్లాడగలడు.

మార్చి 2న మార్నింగ్ క్రానికల్ పత్రికలో అదే బిల్లు కర్తలను వెక్కిరించే ఒక గేయం పేరు లేకుండా అచ్చయింది. రాసింది బైరనే. మార్చి 10న ఛైల్డ్ హెరాల్డ్ కావ్యం మొదటి రెండు సర్గలు వెలువడ్డాయి. జాన్ మర్రే వేసిన 500 ప్రతులు మూడు రోజుల్లో అయిపోయాయి. కావ్యానికి తన ప్రసంగాన్ని మించిన ప్రకటన లేదని డల్లస్‌తో బైరన్ పరాచికమాడాడు. బిల్లు మార్చి 20న చట్టమైంది. కొద్దికాలానికి మరణశిక్ష స్థానంలో ద్వీపాంతరవాసం పెట్టి, 1817లో మళ్లీ ఉరినే తెచ్చారు. 1813 జనవరిలో యార్క్‌లో లడ్డైట్ కేసుల్లో 17 మందిని ఉరితీసింది మాత్రం ఈ చట్టం కింద కాదు. హత్య, దోపిడీ, మిల్లుమీద దాడి వంటి పాత నేరాల కిందే. చట్టం పనికిరానిదని బైరన్ చేసిన రెండో వాదం నిజమని ఇది కొంతవరకు చూపిస్తుంది. పాలకులకు ఉరితీయడానికి కొత్త చట్టం అక్కర్లేకపోయింది.

కాథలిక్కుల హక్కులు

1801లో ఐర్లండ్‌ను కలుపుకున్నప్పుడు కాథలిక్కులకు పార్లమెంటులో కూర్చునే హక్కు వస్తుందన్న ఆశ కల్పించారు. మూడో జార్జ్ రాజు అడ్డుపడ్డాడు. ఐర్లండ్ కాథలిక్కుకు 1793 నుంచి ఓటుంది, ఓటు అడిగే హక్కు లేదు. 1812 ఏప్రిల్ 21న డొనోమోర్ ప్రభువు వారి కోరికలను పరిశీలించే సంఘం వేయాలని ప్రతిపాదించాడు. బైరన్ బలపరిచాడు.

ఇందులో జ్ఞాపకం ఉండిపోయే ఉపమానం ఒకటుంది: దీన్ని కలయిక అని పిలవాల్సి వస్తే, సొరచేపకూ అది మింగిన చేపకూ జరిగిన కలయిక అని. వ్యతిరేకుల వాదాలు ఒకదాన్నొకటి కొట్టుకుంటున్నాయని కూడా చక్కగా చూపించాడు. బానిసల వ్యాపారం 1807లో రద్దయిన సంగతి గుర్తుచేస్తూ, ఐర్లండ్ కాథలిక్ రైతు నల్లవాడిగా పుట్టే అదృష్టానికి నోచుకోలేదని జాలిపడ్డాడు. సభ నవ్వుకునే ఉంటుంది. ఇప్పుడు చదివితే ఆ మాట మింగుడుపడదు. మంత్రుల పనులన్నీ నెపోలియన్ కోరుకునేవేనని, ఆయన వారికి కృతజ్ఞతలు పంపాలని ముగించాడు. నాటింగ్‌హామ్‌ను చూసినట్టు ఆయన ఐర్లండ్‌ను చూడలేదు. ఆ లోటు ప్రతి పేరాలోనూ తెలుస్తుంది.

ప్రతిపాదన 102కు 174 ఓట్లతో వీగిపోయింది. మూడు వారాలకు, మే 11న, బైరన్ ఎగతాళి చేసిన ప్రధాని స్పెన్సర్ పెర్సివల్‌ను కామన్స్ సభ గుమ్మంలో జాన్ బెల్లింగ్‌హామ్ కాల్చి చంపాడు. హంతకుణ్ణి న్యూగేట్ జైలు ముందు ఉరితీస్తుంటే బైరన్ ఎదురింటి కిటికీలోంచి చూశాడు. జులై 1న వెల్స్‌లీ ప్రభువు ఇదే కోరికతో మరో ప్రతిపాదన తెస్తే అది 125కు 126తో, ఒకే ఒక్క ఓటు తేడాతో ఓడింది. కాథలిక్ సమస్య మీద ఓటుకు ఒకసారి తనను నాట్యవిందులోంచి హడావిడిగా పిలిపించారని, యాభై లక్షల మందికి విముక్తి ఇవ్వడానికి ఆట మధ్యలో వదిలి వెళ్లానని బైరన్ సగం నవ్వుతాలుగా తరవాత రాసుకున్నాడు. కాథలిక్కులకు ఆ హక్కు 1829లో వచ్చింది. అప్పటికి ఆయన పోయి అయిదేళ్లు.

కార్ట్‌రైట్ అర్జీ

జాన్ కార్ట్‌రైట్ పార్లమెంటు సంస్కరణ కోసం దశాబ్దాలుగా పోరాడుతున్న మాజీ సైనికాధికారి. పెద్దమనుషుల సంస్కరణ వేదికగా మొదలైన హాంప్‌డెన్ క్లబ్బులో బైరన్ 1812లో చేరాడు. డెబ్బై దాటిన వయసులో కార్ట్‌రైట్ అర్జీల మీద సంతకాలు సేకరిస్తూ ఉత్తరాది పారిశ్రామిక పట్టణాలు తిరిగాడు. 1813 జనవరిలో హడర్స్‌ఫీల్డ్‌లో ఆయన్ని సైనికుల సాయంతో నిర్బంధించి, మేజిస్ట్రేటు ముందుకు తెచ్చి, కాగితాలు సోదా చేసి వదిలారు. అర్జీ పెట్టుకునే హక్కుకే ఇది భంగమని ఆయన సభకు అర్జీ రాశాడు. దాన్ని సమర్పించడానికి విగ్ పెద్దలెవరూ ముందుకు రాలేదు. సంస్కరణ అన్న మాటే వారికి చేదు. బైరన్ ఒప్పుకున్నాడు.

జూన్ 1న ప్రసంగం చిన్నది, అల్లిక బిగువు లేనిది. కానీ విషయం మాత్రం సూటిగా ఉంది. ఓటు లేని మనిషికి పార్లమెంటుతో మిగిలిన ఒకే సంబంధం అర్జీ. దాన్ని సైనికుడు అడ్డుకుంటే ఇక ఏం మిగిలింది? సొంత పక్షమైన విగ్గుల నుంచే అభ్యంతరాలు వచ్చాయి. వెంట నిలిచినవాడు మూడవ స్టాన్‌హోప్ ప్రభువు ఒక్కడే. ఫ్రెంచ్ విప్లవ కాలం నుంచి ఒంటరిగా సభను ఎదిరించడం అలవాటైన ముసలి ప్రభువు ఆయన. సభ అర్జీని స్వీకరించలేదు. స్టాన్‌హోప్, తాను కలిసి సభ మొత్తానికి ఎదురు నిలిచి సరదాగా తిట్లు తిన్నామని బైరన్ తరవాత చెప్పుకున్నాడు.

ఆ సాయంత్రం సంగతి మూర్ రాశాడు. సభ నుంచి నేరుగా వచ్చిన బైరన్ గదిలో పచార్లు చేస్తూ నాటకఫక్కీలో గొంతు పెంచి, రాజ్యాంగానికి ఘోరమైన భంగం జరిగిందని వాళ్లకు చెప్పేశాను అన్నాడట. ఇంతకీ జరిగిన అన్యాయం ఏమిటని మూర్ అడిగితే, కాసేపు ఆలోచిస్తున్నట్టు నటించి, అదా, మరిచిపోయానన్నాడు. ఈ ముచ్చట అందరికీ నచ్చుతుంది, అందుకే తరచూ చెబుతారు. దీన్నిబట్టి ఆయనకు పట్టింపు లేదని తేల్చడం తొందరపాటు. తన పార్టీ పెద్దలకు కంటగింపయ్యే పనిని, లాభం లేదని తెలిసీ నెత్తిన వేసుకున్నవాడు, ఓడి వచ్చాక నవ్వి దాటేయడం వింతేమీ కాదు.

విరమణ

1813 నవంబరులో అప్పుల జైలులోని ఖైదీల తరఫున ఒక అర్జీ సమర్పించమని అడిగితే బైరన్ కాదన్నాడు. పార్లమెంటు తతంగాలంటే విసుగు పుట్టిందని, మూడుసార్లు మాట్లాడానుగానీ వక్తను కాగలనన్న నమ్మకం లేదని దినచర్యలో రాసుకున్నాడు. పార్లమెంటు సభ్యులు వక్తలుగా భయపెట్టరు, శ్రోతలుగా భయపెడతారని 1821లో రాసిన మరో మాట ఆయన అనుభవసారం. పేరున్న వక్తల్లో తన ఊహకు సరిపడ్డవాడు ఒక్కడూ కనబడలేదని కూడా అన్నాడు.

విసుగుకు మరో కారణం లెక్కల్లో ఉంది. 1814 ఫిబ్రవరిలో ఆయన కావ్యం ది కోర్సేర్ వెలువడిన రోజే 10,000 ప్రతులు అమ్ముడుపోయింది. అందులో, తండ్రి తరఫున పాలిస్తున్న యువరాజు ప్రిన్స్ రీజెంట్ విగ్గులను వదిలేసినప్పుడు 1812 మార్చిలో పేరు లేకుండా వేసిన చిన్న గేయాన్ని తన పేరుతో చేర్చాడు. ప్రభుత్వ పక్షపు టోరీ పత్రికలు వారాల తరబడి దుమ్మెత్తిపోశాయి. సభలో మూడు ప్రసంగాలకూ రానంత రాజకీయ గగ్గోలు ఎనిమిది పంక్తులకు వచ్చింది. వంశం ఇచ్చిన పీఠం ఎవరికీ జవాబు చెప్పనక్కర్లేకుండా మాట్లాడనిచ్చింది. అదే కారణంగా ఎవరికీ జవాబు చెప్పకుండా లేచిపోనిచ్చింది కూడా. నాటింగ్‌హామ్ అల్లికవారు ఆయన్ని ఎన్నుకోలేదు కాబట్టి మళ్లీ ఎందుకు మాట్లాడలేదని అడిగే వీలు వారికి లేదు.

వివాహం చెడి, అప్పులు ముసురుకుని, 1816 ఏప్రిల్ 25న ఆయన ఇంగ్లండ్ విడిచాడు, తిరిగి రాలేదు. ఆ డిసెంబరులో వెనిస్ నుంచి మూర్‌కు రాసిన ఉత్తరంలో లడ్డైట్ల కోసం కట్టిన పాట ఒకటి పంపాడు. 1824 ఏప్రిల్ 19న గ్రీస్‌లోని మిసొలాంగిలో మరణించాక బిరుదు, సభలో చోటు దాయాది జార్జ్ ఆన్సన్ బైరన్‌కు వెళ్లాయి. వంశపారంపర్య సభ్యుల్లో 92 మందిని మాత్రం ఉంచి మిగతావారి హక్కును 1999 చట్టం తీసేసింది.

ప్రసంగాల పాఠాలు

సభలో ఆయన నోటి వెంట అచ్చంగా ఏ మాటలు వచ్చాయో తేల్చడం కష్టం. ఆ రోజుల్లో అధికారిక లేఖకులు లేరు. విలియం కాబెట్ 1803లో మొదలుపెట్టి 1812లో తన ముద్రాపకుడు హాన్సర్డ్‌కు అమ్మేసిన పార్లమెంటు చర్చల సంపుటాలు పత్రికల నివేదికల నుంచి కూర్చినవి. 1824లో, బైరన్ చనిపోయిన ఏడాదే, రాడ్‌వెల్ అండ్ మార్టిన్ అనే లండన్ ప్రచురణకర్తలు ఆయన స్వయంగా అచ్చుకు సిద్ధం చేసుకున్న ప్రతుల నుంచి అంటూ మూడింటినీ చిన్న పుస్తకంగా వేశారు. మూర్, ప్రొథెరో సంపాదకత్వాల్లో వచ్చిన ఉత్తరాల సంపుటాల ద్వారా వాటిని విస్తృతంగా చదివారు. 1991లో ఆండ్రూ నికల్సన్ ఆక్స్‌ఫర్డ్ ప్రచురణగా వెలువరించిన సమగ్ర వచన సంకలనంలో ఈ మూడు ప్రసంగాలూ వివరమైన వ్యాఖ్యతో చేరాయి.